నాలుక లెక్క

"కదలకండి మామయ్యా, ఇంకొక్క చుక్క."

కోడలు ఎడంచేత్తో ముసలాయన చెవిదొప్పను కాస్త పైకి, వెనక్కి లాగి పట్టుకుంది. కుడిచేతిలో మందుసీసా. చల్లటి మందు పడితే కళ్ళు తిరుగుతాయని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ ఆ సీసాను కాసేపు గుప్పిట్లో దాచి, వెచ్చబడ్డాకే పోస్తోంది. చుక్క సీసా మూతి దగ్గర వేలాడి వేలాడి, చివరికి జారింది. మామగారు, సోఫాల షాపు పెద్దమేస్త్రి, ముందుగది బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని, చేదు మింగిన పిల్లాడిలా మొహం చిట్లించాడు.

"నేను రానన్నానా లేదా?" అన్నాడు ఆమె భర్త వెనకనుంచి. "ఇంక ఆ మాట ఎత్తకు."

ఆమె తల తిప్పలేదు. చెవిలో దూది సర్దుతూనే అంది.

"మామయ్య చెవులు కడగడానికి ఇవాళ రమ్మన్నారు. మీ నాలుక చూపించాల్సిందీ ఇవాళే. ఒకే డాక్టరు, ఒకే పూట. ఎత్తకుండా ఎలా ఉంటాను?"

"నాన్నని నువ్వు తీసుకెళ్ళు."

"మీరు?"

"నాటకాల హాలు కుర్చీలు ఎవరు కడతారు? మీ నాన్న వచ్చి కడతాడా?"

"మా నాన్న కడితే నాటకం మొదలవకముందే జనం కింద పడి నవ్వుకుంటారు. నేనడిగింది అది కాదు."

వేరే రోజైతే అతనూ నవ్వేవాడే. ఇవాళ నవ్వలేదు. సగం తిన్న కంచాన్ని పక్కకు తోశాడు. తిన్న సగం కూడా కుడిదవడతోనే నమిలాడని ఆమె గమనించింది. ఈమధ్య ఆమె చేస్తున్న పనల్లా గమనించడమే.

గొంతు తగ్గించుకోవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. కొన్ని నెలలుగా ఆ ఇంటి రహస్యాలన్నీ పెద్దమేస్త్రి నెత్తిమీదుగానే నడుస్తున్నాయి. ఆయనకు చెవులు వినపడటం మానేశాయి. వయసు అనుకున్నారు. డాక్టరు చెవిలో లైటు పెట్టి చూసి, "ఇది వయసు కాదు పెద్దాయనా, గుబిలి. గుబిలి అంటే గుబిలి కాదు, గోడ కట్టేశారు" అన్నాడు. సోఫాలు కుట్టే వంకర సూదిని తిప్పి పట్టుకుని, దాని వెనకభాగంతో చెవి గోక్కోవడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. గోకిన ప్రతిసారీ కాస్త బయటికొస్తే, ఎంతో లోపలికి పోయింది. ముందు చుక్కలతో మెత్తబరచాలి, ఆ తర్వాత నీళ్ళతో కడగాలి అన్నాడు డాక్టరు. సూదిని మాత్రం కోడలు తన దగ్గరే దాచేసింది.

అదే రోజు, మామగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె భర్తను లోపలికి తోసింది. డాక్టరు గ్లౌజు వేసుకున్న వేలితో నాలుక పక్కనున్న పుండు చుట్టూ నొక్కి చూశాడు. దవడ కింద తడిమాడు. విరిగిన పన్ను మొన ఒకటి అక్కడ ఒరుసుకుంటోందని చెప్పి, పళ్ళ డాక్టరు దగ్గర దాన్ని నున్నగా అరగదీయించాడు. "ఒరిపిడి పుండైతే రెండు వారాల్లో మానాలి. మానకపోతే అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాను. వాయిదా వేయొద్దు" అన్నాడు.

ఆ రెండు వారాలూ ఇవాళ్టితో నిండాయి.

"తగ్గిపోయిందంటే నమ్మవేం?" అన్నాడతను.

"తెరవండి, చూస్తాను."

"నువ్వేమైనా డాక్టరువా?"

"డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు. నాకు చూపించమంటే నేను డాక్టర్ని కాదు. మరి ఎవరికి చూపిస్తారు, ఆ కుర్చీలకా?"

అతను టీ గ్లాసు అందుకున్నాడు. అప్పుడే పొయ్యి మీదనుంచి దించిన టీ. ఆమె వద్దనేలోపే గుక్క తాగాడు. ఆవిరి మొహానికి కొడుతున్నా కనురెప్ప కదపలేదు.

"చూశావా? పోయిన నెల చల్లటి నీళ్ళు తగిలినా ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు నొప్పే లేదు. ఆ మెడికల్ షాపువాడిచ్చిన జెల్ కూడా నాలుగు రోజుల కిందటే చెత్తబుట్టలో పారేశాను. మానుతుంటేనే కదా నొప్పి తగ్గేది?"

అతని పెదవి ఎడమ మూల నుంచి టీ సన్నటి గీతలా కారి గడ్డం మీదికి దిగుతోంది. అతను తుడుచుకోలేదు. కారుతోందని తెలియనట్టే కూర్చున్నాడు.

ఆమె కొంగుతో తుడవబోతే చెయ్యి విదిలించాడు.

వీధి తలుపు తెరుచుకుంది. రెక్సిన్ చుట్ట భుజాన వేసుకుని ఆడపడుచు లోపలికొచ్చింది. షాపులో మిషన్ మీద కుట్టే పనంతా ఆవిడదే. చిన్నప్పటినుంచీ ఇంట్లో ఆమె పేరు గంట. చెవుల్లో గోడ కట్టుకున్న తండ్రికి కూడా, కేకేస్తే, వినపడే గొంతు ఆ ఇంట్లో అదొక్కటే.

"ఏంటి వదినా, పొద్దున్నే పంచాయితీ? వీధి చివరిదాకా వినిపిస్తోంది."

"నీకన్నానా?" అన్నాడు అన్న.

"ఈ ఇంట్లో నాకంటే గట్టిగా వినిపించేవాళ్ళెవరూ లేరుగానీ, నువ్వు లే. హాలు మేనేజరు ఫోన్ మీద ఫోన్. వరస కుర్చీలన్నీ విప్పి పెట్టుకున్నాం. చెక్క పాతది, పిన్నుల గన్నుతో కొడితే చీలిపోతోంది. మేకులే కొట్టాలి. నువ్వు తప్ప కొట్టేవాళ్ళు లేరు."

"విన్నావా?" అన్నాడతను భార్యతో.

"విన్నాను. మేకులు నోట్లో పెట్టుకోవద్దని డాక్టరు చెప్పింది కూడా విన్నాను. మీరే వినలేదు."

"నోట్లో పెట్టుకోకుండా మేకు ఎలా కొడతారు? ఒక చెయ్యి బట్ట లాగి పట్టుకోవాలి, ఒక చెయ్యి సుత్తి పట్టుకోవాలి. మూడో చెయ్యి మీ పుట్టింటినుంచి తెచ్చావా?"

అది నిజమే. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. గుప్పెడు చిన్న మేకులు నోట్లో వేసుకుంటాడు. నాలుకే ఒక్కోదాన్ని తిప్పి, తల బయటికి వచ్చేలా పెదాల మధ్యకు తెస్తుంది. సుత్తికి ఒకవైపు మొహం అయస్కాంతం. దాన్ని పెదాలకు తాకిస్తే మేకు అంటుకుని వస్తుంది. ఒక దెబ్బకు చెక్కలో నిలబడుతుంది, సుత్తి తిప్పి రెండో దెబ్బ కొడితే దిగిపోతుంది. నోరు, చెయ్యి, చెక్క. పాట పాడినట్టు ఉండేది.

"మింగేస్తేనో?" అని అడిగిందామె అప్పుడు.

అందుకే నాలుక లెక్క నేర్పారన్నాడు. నోట్లో ఇంకా ఎన్ని మేకులున్నాయో నాలుకకు ఎప్పుడూ తెలియాలి. పని నేర్చుకునే రోజుల్లో పెద్దమేస్త్రి ఉన్నట్టుండి వెనకనుంచి "ఎన్ని?" అని కేక వేసేవాడట. లెక్క తప్పినవాడికి ఆ రోజంతా చెత్త ఊడ్చే పనే. కొత్త పెళ్ళికూతురు నమ్మలేదు. ఎన్నోసార్లు మధ్యలో ఆపి అడిగింది. అతను వేళ్ళు చూపించేవాడు, ఆమె అరచెయ్యి పట్టేది, అతను ఉమ్మేవాడు. ఒక్కసారైనా తప్పలేదు. అదొక ఆటైపోయింది వాళ్ళిద్దరికీ.

ఆ ఆట ఆడి చాన్నాళ్ళయింది.

"అసలు ఇది మేకు గీతే వదినా," గంట రెక్సిన్ చుట్ట దించి గోడకు ఆనించింది. "మా షాపులో ఎవరి నోరు తెరిచినా ఒకటో రెండో ఉంటాయి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు, ఊరుకుంటారు. నాన్న నోట్లో ఎన్ని మానలేదూ?"

"మీ అన్నయ్య మేకులు ఏ దవడలో పెట్టుకుంటారు?"

"కుడి."

"పుండు ఎటు?"

గంట చూపు అన్న ఎడమ దవడ మీదికి వెళ్ళింది.

"ఎడమవైపు మేకు పోనిదే గీత ఎలా పడుతుంది? పన్ను గీరుకుంది, సరే. ఆ పన్నూ అరగదీశారు. ఇంకా ఎందుకు మానలేదు? నేను అడిగేది అదొక్కటే. అది తెలుసుకోవడానికే కదా ముక్క తీస్తామన్నారు!"

"కోస్తే పాకుతుందంటారు వదినా," అంది గంట. ఆ గొంతు ఇంత మెల్లగా కూడా పలుకుతుందని ఎవరూ అనుకోరు. "కత్తి తగిలిందంటే ఇంక ఆగదంటారు."

"అంటారు. డాక్టరు నేను అడక్కుండానే చెప్పారు, అలా ఏమీ కాదని. ప్రతివాళ్ళూ ముందు అదే అడుగుతారట. మత్తు సూది వేసి, గోరంత ముక్క తీసి, కుట్టు వేసి పంపేస్తారట. ఏమీ లేదని తేలితే పీడా పోతుంది."

"ఉందని తేలితే?"

అడిగింది అతనే. ఆ మాట అన్నాక గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు.



"ఉందని తేలితే త్వరగా తెలిసినట్టు," అందామె. "త్వరగా తెలిస్తే చెయ్యగలిగింది చాలా ఉందన్నారు."

"నీకేం, అంటావు. నాలుకలో కొంత కోసి తీసేస్తే నేనేం మేస్త్రిని? నోట్లో ఎన్ని మేకులున్నాయో తెలియనివాడికి సుత్తి ఎవడిస్తాడు? గుమ్మం దగ్గర కూర్చుని గంట కుట్టే కుట్లు లెక్కపెట్టుకోమంటావా?"

"కూర్చోండి. మీరు గుమ్మంలో కూర్చుని ఉంటే చాలు నాకు."

"నాకు చాలదు!"

అతను బల్ల మీద చరిచాడు. గ్లాసు ఎగిరి పడింది. పెద్దమేస్త్రి పడుకున్న బల్ల కూడా అదిరింది. ఆయన కదల్లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"అరవకు అన్నయ్యా," గంట అటు చూస్తూ అంది. "నాన్నకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఆ బలహీనమైన గుండె పెట్టుకుని తనే వచ్చి సుత్తి పట్టుకుంటానంటాడు. చచ్చి ఊరుకుంటాడు."

"నేను చావడం తర్వాత సంగతి," అన్నాడు పెద్దమేస్త్రి. "ముందు వాణ్ణి నోరు తెరవమను."

ముగ్గురూ ఒక్కసారి ఆయనవైపు తిరిగారు.

ఆయన మెల్లగా లేచి కూర్చున్నాడు. చెవిలో దూది తీసి, చూసి, జేబులో వేసుకున్నాడు. అదే జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి కోడలి చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే గోధుమరంగు ముద్ద.

"నిన్న పొద్దున లేచేసరికి తలగడ మీద పడుంది. రెండో చెవిది ఇంకా లోపలే ఉంది. ఒక చెవి మాత్రం శుభ్రం."

"నిన్నా? మరి చెప్పలేదేం మామయ్యా? ఇప్పటిదాకా చుక్కలు ఎందుకు పోయించుకున్నారు?"

"చెప్దామనే లేచానమ్మాయీ. చెవి తెరుచుకున్నాక మొట్టమొదట వినపడింది వంటింట్లో నీ ఏడుపు. కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడుస్తున్నావు." ఆయన కొడుకువైపు చూడలేదు. "ఎందుకో తెలుసుకుందామని ఇంకో రోజు చెవిటివాడిగా ఉన్నాను. ఇంత లోకువగా ఉంటుందనుకోలేదు, చెవిటితనం. నెత్తిమీద నిలబడి అన్నీ మాట్లాడేసుకుంటున్నారు."

గంట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా, అదేం లేదు. తగ్గిపోయింది," అన్నాడు కొడుకు.

"నొప్పి లేదు?"

"లేదు."

"అసలు లేదు?"

"అసలు లేదు. ఒట్టు."

పెద్దమేస్త్రి తల ఊపాడు. గది మూలన నాటకాల హాలు కుర్చీ ఒకటి ఉంది. మేనేజరుకు చూపించడానికి తెచ్చిన నమూనా. గద్దె మీద బట్ట పరిచి ఒక అంచు మాత్రమే కొట్టి వదిలేశారు. ఆయన వేలితో దాన్ని చూపించాడు.

"ఆ రెండో అంచు కొట్టు."

"ఇప్పుడా?"

"పనికి తొందరన్నావుగా! కొట్టు."

కోడలు అడ్డం పడబోయింది. "మామయ్యా, మేకులు వద్దన్నారు డాక్టరు." ఆయన ఆమెకేసి ఒకసారి చూశాడంతే. ఆమె ఆగిపోయింది.

అతను సుత్తి అందుకున్నాడు. డబ్బాలోంచి మేకులు చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. కుర్చీ ముందు మోకాలు వేసి, బట్ట అంచు బిగించి లాగాడు. మొదటి మేకు పెదాల మధ్యకొచ్చింది. సుత్తి అందుకుంది. రెండు దెబ్బలు. ఇంకో మేకు. రెండు దెబ్బలు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. బట్ట మీద ఒక్క ముడత లేదు. గంట మొహంలో కాస్త రంగు తిరిగొచ్చింది. చూశావా అన్నట్టు వదిన మోచెయ్యి తాకింది.

కోడలికి మాత్రం చెయ్యి కనపడటం లేదు. దవడే కనపడుతోంది. ప్రతి మేకూ కుడి మూలనుంచే వస్తోంది.

"ఎన్ని?" అన్నాడు పెద్దమేస్త్రి.

కేక కాదు. మామూలుగా, పక్కనున్న మనిషిని మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు.

అతను ఆగాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. మూడు వేళ్ళు చూపించాడు.

తండ్రి అరచెయ్యి చాచాడు. అతను వంగి ఉమ్మాడు. ఒకటి. రెండు. మూడు.

గంట గట్టిగా ఊపిరి వదిలింది. "అదీ మా అన్నయ్యంటే! చూశావా నాన్నా, ఏమీ తప్పలేదు."

పెద్దమేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నోరు తెరువు."

"అయిపోయాయి నాన్నా, మూడే."

"తెరువురా. నాలుక కుడివైపుకి తిప్పు."

కిటికీ వెలుగు అతని మొహం మీద పడుతోంది. కోడలు కూడా వంగింది. నాలుక ఎడమ అంచు, తెల్లగా, గట్టిపడి, మధ్యలో ఎర్రగా. ఆమె అద్దం పట్టుకుని చూడమంటే వారం రోజులుగా అతను చూడని చోటు. దానికీ పంటికీ మధ్య సన్నగా ఏదో మెరిసింది.

మేకు. దాని మొన పుండులోకి దిగి నిలబడి ఉంది.

పెద్దమేస్త్రి రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని మెల్లగా లాగాడు. లాగుతున్నంతసేపూ ఆయన చూపు మేకు మీద లేదు, కొడుకు కళ్ళ మీద ఉంది. ఆ కళ్ళు చెదరలేదు. నీళ్ళు తిరగలేదు. ఏం చేస్తున్నావు నాన్నా అన్నట్టు చూస్తున్నాయంతే.

అరచేతిలో నాలుగో మేకు పడింది. మొనకు రక్తపు చుక్క.



"జెల్ రాసుకున్నావు కదూ అన్నయ్యా?" గంట తొందరపడింది. "అది రాసుకుంటే అక్కడ మొద్దుబారుతుంది. షాపువాడు చెప్పాడు. పొద్దున రాసుకుని ఉంటావు. అందుకే తెలియలేదు. అంతేగా?"

అతను అవునని అంటే బాగుండునని కోడలికి కూడా అనిపించింది. అబద్ధమైనా సరే, ఒక్కసారి అంటే. అతను భార్యవైపు చూశాడు. జెల్ ట్యూబు ఎక్కడుందో ఆమెకు తెలుసని అతనికి తెలుసు.

"నొప్పి తగ్గలేదురా," అన్నాడు పెద్దమేస్త్రి. "నీకు తెలియడం తగ్గింది."

అతను మోకాళ్ళ మీదనుంచి లేచాడు. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని నమూనా కుర్చీ గద్దె మీద, సగం కొట్టిన అంచు పక్కన పెట్టాడు. పెట్టినవాడు మళ్ళీ దాన్ని చూడలేదు. అరచేత్తో గడ్డం తుడుచుకున్నాడు. ఎండిన టీ మరక చేతికి తగిలింది. ఎప్పుడు కారిందన్నట్టు అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"ఏమండీ," అందామె. "కాసేపు కూర్చోండి. మామయ్యకి చొక్కా మార్చి నేనూ వస్తాను. అందరం కలిసే వెళ్దాం."

అతను తండ్రి ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆ చాచిన అరచేతి మీద ఏదో తడిమాడు. గోడ కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తీసుకుని భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"అన్నయ్యా, ఎక్కడికి?"

తలుపు తెరుచుకుంది. వీధి వెలుగు లోపలికొచ్చి, మళ్ళీ పోయింది.

కోడలు పరుగున గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఎదురుగా ఇసుక లారీ వెనక్కి తిరుగుతూ వీధంతా మూసేసింది. అటు ఎవరున్నారో కనపడలేదు. మలుపు దగ్గర వీధి రెండుగా చీలుతుంది. ఒకటి ఆసుపత్రికి, ఒకటి నాటకాల హాలుకు.

ఆమె వెనక్కి తిరిగింది. పెద్దమేస్త్రి అలాగే కూర్చుని ఉన్నాడు, చెయ్యి చాచుకునే. అరచేతిలో మేకులు మూడే ఉన్నాయి. నాలుగోది లేదు.

"మామయ్యా..."

ఆయన రెండో చెయ్యి ఎత్తి ఆమెను ఆపాడు. తెరుచుకున్న చెవిని వీధివైపు తిప్పాడు. లారీ ఇంజను ఆగింది. దూరంగా చెప్పుల చప్పుడు, ఒక చెప్పు కాస్త ఈడ్చుకుంటూ నడిచే ఆ నడక, కొడుకు పసితనం నుంచీ ఆయనకు తెలిసిన నడక. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఎటు మామయ్యా?" అంది కోడలు. "ఎటు వెళ్తున్నారు?"

పెద్దమేస్త్రి తల ఇంకాస్త వీధివైపు వంచాడు.

"ఆగాడు," అన్నాడు చివరికి. "మలుపు దగ్గర ఆగాడు."